కందకుర్తి: ఆరు మాసముల ఏరు, ఆరు మాసముల ఎడారి

గోదావరీ నది తెలంగాణ రాష్ట్రమున ప్రవేశించు తావు కందకుర్తి. నిజామాబాదు జిల్లా, రెంజల్ మండలమునకు చెందిన ఈ గ్రామముకడ మంజీరా నది వచ్చి గోదావరిలో కలియుచున్నది. హరిద్రా నదియు ఇచటనే సంగమించుచున్నదని ప్రజల విశ్వాసము. అందుచేత ఈ స్థలమునకు త్రివేణీ సంగమమను పేరు వచ్చినది. శివరాత్రికిని, కార్తిక మాసమునను, పుష్కరములందును ఇచట స్నానమాడుటకు మన జిల్లావారే గాక, ఆవలి ఒడ్డున నున్న మహారాష్ట్ర ప్రజలు కూడ తండోపతండములుగ వత్తురు.

ఇవి ఈ ప్రాంతమువారందరు ఎరిగిన విషయములే. కాని కందకుర్తికి మరియొక రూపము కూడ కలదు. వానకాలపు వరద తీసి, చలికాలము గడచి, ఎండలు ముదురునప్పటికి నది పాయలుగా చీలి సన్నగిల్లును. అంతవరకు నీటి అడుగున నున్న ఇసుక తెల్లగా, విశాలముగా బయల్పడును. మిట్ట మధ్యాహ్నమున గట్టుపై నిలిచి చూచినచో ఎడారి యంచున నిలిచినట్లే తోచును. బోధను, నిజామాబాదు పట్టణములనుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు సెలవు దినములలో సద్ది మూటలు కట్టుకొని వచ్చువారికి ఈ ఇసుకయే విహారభూమి.

ఈ ఇసుక కందకుర్తికి దేవుడిచ్చిన ఆస్తి యని చెప్పవచ్చును. అయితే ఆస్తి యున్నచోట దానిని కాపాడవలసిన బాధ్యత కూడ ఉండును. చూడవచ్చినవారు క్షేమముగా ఇల్లు చేరవలెను. చూడదగిన ఇసుక అచటనే మిగులవలెను. ఈ రెండును గ్రామ పంచాయతీ చేతిలో నున్న పనులు. ఇట్టి ఏరు, చెరువు, గుట్ట ఏదైన నొకటి తమ గ్రామమున గల పంచాయతీలన్నిటికిని ఈ విషయము వర్తించును.

ఈ ఇసుక ఎట్లు వచ్చినది?

గోదావరి మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వరమున పుట్టినది. దాని మొత్తము పొడవు 1,465 కిలోమీటర్లు. మంజీర బీడు జిల్లాలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, 724 కిలోమీటర్లు ప్రవహించి కందకుర్తికడ గోదావరిలో చేరుచున్నది. ఎగువ గోదావరి ప్రవహించు దేశమంతయు నల్లరాతి భూమి. ఆ రాయి చితికినచో నల్లరేగడి మన్ను, మెత్తని ఒండ్రు ఏర్పడును. మంజీరయో, పుట్టుట నల్లరాతి భూమిలోనే పుట్టినను, మెదకు, కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములలో నల్లసేనపు రాతి నేలపై సాగివచ్చును. ఆ రాయి ఎండకు, వానకు శిథిలమై రాలగా మిగులునదే గట్టి పలుకులు గల ఇసుక. వేగముగా పారు నీరు ఈ పలుకులను దొర్లించుకొని వచ్చును. నేల సమతలమై వేగము తగ్గిన చోట బరువైన ఇసుకను దింపి, తేలికయైన ఒండ్రును ముందునకు గొనిపోవును. రెండు నదులు కలియుచోట ఒకదాని పోటు మరియొకదానిని అడ్డగించును గావున ఇసుక మేటలు మిక్కుటముగా పడును.

కాబట్టి ఇసుక ఒక్క సంవత్సరమున ఏర్పడు వస్తువు కాదు. కొండ రాయి ఇసుక రేణువగుటకు వేల సంవత్సరములు పట్టును. పూర్వము ప్రతి వరదకును క్రొత్త ఇసుక దండిగా వచ్చుచుండెడిది. ఇప్పుడు ఎగువన గోదావరిపై జాయక్‌వాడి, విష్ణుపురి, బాబ్లీ కట్టడములును, మంజీరపై సింగూరు జలాశయమును, 1931లో పూర్తియైన నిజాంసాగరమును ఉన్నవి. పంటలకు, త్రాగునీటికి ఇవి చేయుచున్న మేలు గొప్పది. కాని ఆనకట్ట వెనుక నీరు నిలిచినపుడు అందలి ఇసుక కూడ అచటనే నిలిచిపోవును. అందుచేత క్రిందికి వచ్చు ఇసుక పూర్వమువలె రాదు. ఇంటిలోని గాదెను ఎడాపెడ ఖాళీచేసి, పంట మాత్రము రాకున్నచో ఏమగునో, ఇసుకను విచక్షణలేక తోడివేసినచో నదికి అదియే అగును.

ఎడారి పంచాంగము

కందకుర్తి ఇసుకను చూడదలచువారు నది యొక్క కాలక్రమమును తెలిసికొనుట అవసరము. 2013 ఫిబ్రవరి 28వ తేదీన సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి బాబ్లీ ఆనకట్ట తలుపులు జూలై 1వ తేదీ మొదలు అక్టోబరు 28వ తేదీ వరకు ఎత్తి యుంచవలెను. పిమ్మట వానిని దించుదురు. మరల మార్చి 1వ తేదీన 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు విడువవలెను. అనగా ఇసుక బయల్పడి యున్న వేసవి మొదటనే ఒకసారి నీరు వచ్చునని అర్థము. ఇదిగాక, దిగువన పోచంపాడుకడ కట్టిన శ్రీరాంసాగరము బాగుగ నిండిన సంవత్సరములందు వెనుకకు ఎగదన్నిన నీరు ఈ ప్రాంతము దాక వ్యాపించును. అట్టి యేడు ఇసుక ఆలస్యముగ తేలును. సాధారణముగా మాఘ ఫాల్గుణములనుండి మృగశిర కార్తె వరకు విహారమునకు అనువైన కాలము. తొలకరి పడినది మొదలు నదిలో దిగరాదు. ఎగువన ఎక్కడనో వాన కురిసి, ఇచట ఆకాశము నిర్మలముగ నున్నప్పుడే వరద వచ్చుట కలదు.

చూడదగిన వింతలు

ఎడారిని చూచుటకు రాజస్థానమునందలి జైసల్మేరు దాక పోవుట అందరికిని సాధ్యము కాదు. అచటి సమ్ గ్రామపు ఇసుక దిబ్బలను, ఒంటెల స్వారిని చూచుటకు దేశదేశములనుండి జనులు వత్తురు. మన ఇసుకపై ఒంటెలు లేవు గాని, పిల్లలకు చూపి నేర్పదగిన వింతలు పెక్కు కలవు.

మొదటిది ఎండమావి. ఎండ తీవ్రముగ నున్నపుడు ఇసుకను ఆనుకొని యున్న గాలి మిక్కిలి వేడెక్కి పలుచనగును. దాని పైని గాలి అంతకన్న చల్లగా, చిక్కగా నుండును. ఆకాశమునుండి వచ్చు వెలుతురు ఈ రెండు పొరలలో వంగి, క్రిందినుండి వచ్చినట్లు మన కంటికి చేరును. అందుచేత ఇసుకపై నీరు తళతళలాడుచున్నట్లు కనబడును. దగ్గరకు పోయినకొలది అది వెనుకకు జరుగును. పాఠశాల పుస్తకములో చదివిన విషయమును కంటితో చూచుటకు ఇంతకు మించిన తావు లేదు.

రెండవది ఇసుకపై గాలి వ్రాసిన గీతలు. గాలికి ఎగిరిన రేణువు కొంత దూరమున పడి మరికొన్ని రేణువులను ఎగురగొట్టును. ఈ గంతులవలన చిన్న చిన్న అలల వరుసలు ఏర్పడును. ఉదయము జనులు రాకముందు చూచినచో ఆ అలలపై పక్షుల అడుగుజాడలు, పురుగుల దారులు స్పష్టముగ తెలియును.

మూడవది చెలమ. పైన కాలు పెట్టరానంత వేడిగ నున్న ఇసుకను మూరెడు లోతు త్రవ్వగనే తడి తగులును. మరికొంత త్రవ్వగనే నీరు ఊరును. ఇసుక రాశిలో నూటికి ఇంచుమించు ముప్పది పాళ్లు ఖాళీ స్థలమే. ఆ ఖాళీలలో నీరు ఎండకు ఆవిరి కాకుండ దాగియుండును. నది ఎండినదని మనము భావించునపుడు కూడ ఇసుక అడుగున అది మెల్లగా నడచుచునే యుండును. ఒడ్డునున్న బావులకు, బోరింగులకు నీరందించునది ఈ దాగిన నీరే. చెలమ త్రవ్వి చూపినచో పిల్లలకు వేడుకయు, పెద్దలకు ఇసుక విలువయు ఒక్కసారిగ తెలియవచ్చును. అయితే చూచిన పిమ్మట చెలమను పూడ్చి పోవలెను.

నాలుగవది నదీగర్భమున నున్న ప్రాచీన శివాలయము. రాతితో కట్టిన ఈ గుడి వరదకాలమున నీట మునిగి, నీరు తగ్గిన పిమ్మట మరల దర్శనమిచ్చును. యేటేట ప్రవాహపు తాకిడికి ఓర్చి నిలిచిన ఈ కట్టడము మన పూర్వుల రాతిపని నేర్పునకు సాక్ష్యము. నదికిని, ఇసుకకును లోబడిన గుడులు ఇతర ప్రదేశములందు కూడ కలవు. కర్ణాటకలో కావేరి ఒడ్డునగల తలకాడునందు ఇసుక మేటలు ఆలయములను కప్పివేసినవి. అచటి పంచలింగ దర్శనమునకు, 2020 డిసెంబరులో జరిగినపుడు కూడ, భక్తులు వచ్చిరి. నెల్లూరు జిల్లా పెరుమాళ్లపాడున పెన్న యొడ్డున ఇసుకలో పూడిన నాగేశ్వరాలయమును 2020 జూన్‌లో గ్రామస్థులే త్రవ్వి వెలికి తీసిరి. అట్టి గుడి మనకు త్రవ్వకయే ప్రతి యేడు కానవచ్చుచున్నది. దానిపై పేర్లు చెక్కుట, రంగులు పూయుట, రాళ్లు ఊడబెరుకుట జరుగకుండ చూచుట మన పని.

ఈ విహారముతోబాటు ఒక దినమున చూచుటకు వీలగు స్థలములు సమీపమున మరికొన్ని కలవు. గోదావరి దిగువన బాసరలో జ్ఞాన సరస్వతీ ఆలయము, నిజామాబాదు చెంత అలీసాగరము, డిచ్‌పల్లిలో చక్కని శిల్పములు గల రామాలయము ఉన్నవి. 1937లో స్థాపింపబడి, ఒకప్పుడు ఈ ప్రాంతమునకంతకు జీవనాధారమై, 2015 డిసెంబరులో మూతపడిన బోధను చక్కెర కర్మాగారము మార్గమధ్యముననే ఉన్నది. చెరకు బండ్లు బారులు తీరిన ఆ రోజులను పెద్దలు నేటికిని తలచుచుందురు. అట్టి ప్రాంతమున పల్లెకు నాలుగు రాళ్లు తెచ్చు ఏ చిన్న మార్గమును ఉపేక్షింపదగదు.

ప్రాణములకు ముప్పు ఎక్కడ?

నదిలో ప్రమాదము వరదకాలముననే జరుగునని చాలమంది తలంతురు. అనుభవము వేరుగ నున్నది. 2021 ఏప్రిల్ 2వ తేదీన పోచంపాడు పుష్కర ఘట్టముకడ స్నానమునకు దిగి ఆరుగురు మునిగి మరణించిరి. 2025 జూన్ 15వ తేదీన బాసరలో గోదావరిలో మునిగి హైదరాబాదునుండి వచ్చిన ఐదుగురు యువకులు ప్రాణములు కోల్పోయిరి. ఈ రెండు తేదీలను పంచాయతీ సభ్యులు గమనింపవలెను. ఒకటి నడి వేసవి. రెండవది వేసవి కడపటి దినములు. ఉప్పొంగు నదిని చూచి మనిషి భయపడి ఒడ్డుననే నిలుచును. శాంతముగ, తక్కువగ కనబడు నీటిని చూచి నమ్మి దిగును. ముప్పు ఆ నమ్మకములోనే యున్నది.

ఇసుక నేలపై నీటి లోతు ఒకే విధముగ నుండదు. వరద సుడులు తిరిగిన చోట మడుగులు ఏర్పడును. ఇసుక త్రవ్విన చోట గోతులు మిగులును. నీరు కొంచెము పెరిగినపుడు ఈ గోతులు నిండి, పైకి సమముగా కనబడును. మోకాటి లోతున నడచుచున్నవాడు మరుసటి అడుగున నిలువెత్తు లోతునకు దిగబడును. గోతి అంచు ఇసుకతో నైనది గావున పైకి ఎక్కబోయినకొలది కాలిక్రింద జారిపోవును, పట్టు దొరకదు. ఒకడు మునుగుట చూచి ఈతరాని రెండవవాడు రక్షించుటకు దూకును. అతనికొరకు మూడవవాడు దూకును. ఒకే కుటుంబమునుండి ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగ పోవుటకు కారణమిదియే. మునుగుచున్నవానికి చేయి గాక, త్రాడుగాని, కర్రగాని, గాలి నింపిన ట్యూబుగాని అందింపవలెనని ప్రతివారికిని చెప్పవలెను.

నీరొక్కటియే ముప్పు కాదు. మన జిల్లాలో కొన్ని వేసవులయందు ఎండ 45 డిగ్రీలు దాటును. గాలి వేడి అంత యున్నపుడు పొడి ఇసుక పైపొర 60 డిగ్రీలకు మించి కాగుట సాధారణము. ఇసుకపై నీడ యుండదు. పసిపిల్లలును, వృద్ధులును పగటి రెండవ జాములో ఇసుకపై నుండరాదు. ఉదయము తొమ్మిది గంటలలోపునను, సాయంకాలము నాలుగు గంటల తరువాతను ఇసుకపైకి వచ్చుట మేలు. మధ్యాహ్న భోజనములు గట్టుపై చెట్ల నీడనే జరుగవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు పేర్కొనబడినవి. అందు విహారయాత్ర అను మాట లేదు. కాని సాంస్కృతిక కార్యక్రమములు, సంతలు-జాతరలు, ఆరోగ్యము-పారిశుద్ధ్యము, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ అందున్నవి. విహారస్థలమును బాగుపరచుట ఈ నాలుగింటి కలయికయే. పెద్ద నిధులకొరకు వేచి యుండక ఆరంభింపదగిన పనులను ఇచట వివరించుచున్నాము.

1. హద్దులు. ప్రతి సంవత్సరము ఇసుక తేలిన పిమ్మట, గ్రామమునందలి బెస్తవారిని వెంటబెట్టుకొని నీటి పాయలను నడచి చూడవలెను. ఏ మడుగు ఎక్కడ నున్నది, ఏ గోతి ఎంత లోతున్నది వారికి తెలిసినంతగ మరెవ్వరికిని తెలియదు. స్నానమునకు అనువైన చోట గుంజలు పాతి త్రాడు కట్టవలెను. లోతైన చోట ఎర్రజెండాలు నాటవలెను. పోయిన సంవత్సరపు గుర్తులను నమ్మి యుండరాదు. ఒక్క వరదతో నది అడుగు మారిపోవును.

2. సూచనలు. గట్టుపై పెద్ద అక్షరములతో తెలుగు, మరాఠీ, ఉర్దూ భాషలలో బోర్డు నిలుపవలెను. ఆవలి ఒడ్డునుండి వచ్చువారికి తెలుగు రాదు. లోతు గల తావులు, దిగదగిన వేళలు, 108 సంఖ్య అందుండవలెను. చదువు రానివారికొరకు బొమ్మ కూడ వేయింపవలెను. ఎగువనుండి నీరు విడుచుచున్నట్లు నీటిపారుదల శాఖవారు తెలిపిన వెంటనే దండోరా వేయించి, ఇసుకపై నున్నవారిని గట్టునకు రప్పింపవలెను. వరద మిక్కుటమైనపుడు ధర్మాబాదు వైపు పోవు వంతెనపై రాకపోకలు నిలుపుదల చేసినచో దానిని ఖచ్చితముగ పాటింపవలెను.

3. కాపుదల. ఆదివారములందును, పండుగ దినములందును ఈతగాండ్రను ఇద్దరినైన గట్టుపై నియమింపవలెను. వారికి దినకూలి, పొడవైన త్రాడు, గాలి నింపిన రెండు ట్యూబులు, ఒక ఈల ఇచ్చిన చాలును. పడవలు నడుపువారు పరిమితికి మించి జనులను ఎక్కింపకుండునట్లును, ఎక్కిన ప్రతివానికి రక్షక కవచము తొడుగునట్లును కట్టడి చేయవలెను.

4. పారిశుద్ధ్యము. స్త్రీలకు దుస్తులు మార్చుకొనుటకు తడికల మరుగు, మరుగుదొడ్లు, త్రాగునీరు అవసరము. భోజనములకు మోదుగాకు విస్తళ్లు గట్టుపైననే విక్రయించు ఏర్పాటు మహిళా సంఘములకు అప్పగించినచో వారికి ఆదాయము, నదికి రక్షణ. ప్లాస్టిక్కు పళ్లెములు, గాజు సీసాలు ఇసుకపైకి రానీయరాదు. ఇసుకలో పూడిన సీసా పెంకు కంటికి కనబడదు. పసివాని పాదమునకు మాత్రము తగులును.

5. బండ్ల నిలుపుదల. మోటారు బండ్లను ఇసుకపైకి తీసికొనిపోయినచో చక్రములు దిగబడుటయే గాక, నూనెలు నీటిలో కలియును. గట్టుపై బండ్ల అడ్డా ఏర్పరచి రుసుము వసూలు చేయు అధికారము పంచాయతీలకు పూర్వమునుండి కలదు. ఉదాహరణకు బండికి 20 రూపాయల చొప్పున ఒక ఆదివారమున నూరు బండ్లు వచ్చినచో 2,000 రూపాయలగును. ఆ సొమ్మునుండి ఈతగాండ్ర కూలి, ఊడ్పు ఖర్చు గడచును. రసీదు ఇచ్చి, లెక్కను గ్రామసభలో చదివి వినిపింపవలెను. లెక్క చెప్పిన చోటనే ప్రజలు మారుమాటాడక రుసుము చెల్లింతురు.

కట్టడములు వలదు, కాలానుగుణమైన ఏర్పాట్లు చాలును

విహారస్థలమనగానే సిమెంటు మండపములు, దిమ్మెలు, విగ్రహములు కట్టవలెనను అభిప్రాయము కొందరికి కలదు. నదీగర్భమున కట్టిన దానిని నది ఉంచదు. ఈ విషయమున గుజరాతు రాష్ట్రము కచ్ జిల్లాలోని ధోర్డో గ్రామము మనకు ఆదర్శము. అది రణ్ అనబడు ఉప్పు ఎడారి అంచున నున్నది. రణ్ వానకాలమున నీట మునుగును. చలికాలమున ఎండి తెల్లని ఉప్పు మైదానమగును. అనగా కందకుర్తి వలెనే కొంతకాలము నీరు, కొంతకాలము ఎడారి. అచటి రణ్ ఉత్సవమునకు గుడారముల నగరమును ఋతువు రాగానే వేసి, ఋతువు ముగియగానే తీసివేయుదురు. తమ గుండ్రని మట్టి ఇండ్లను, కుట్టుపనిని, పాటలను అతిథులకు చూపి గ్రామస్థులు జీవనోపాధి పొందుచున్నారు. ప్రపంచ పర్యాటక సంస్థ 2023లో ఆ గ్రామమును ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నుకొన్నది. అంతకు ముందు 2021లో మన తెలంగాణలోని భూదాన్ పోచంపల్లి అదే గౌరవమును పొందినది. ఆ గౌరవము ఎత్తయిన కట్టడములకు వచ్చినది కాదు. మగ్గములను, ఊరి సంప్రదాయమును నిలుపుకొన్నందుకు వచ్చినది.

కందకుర్తియందు కూడ తాటాకు పందిళ్లు, చలివేంద్రము, జొన్నరొట్టెలు, మక్క గారెలు అమ్ము అంగళ్లు వేసవికి వేసి తొలకరికి తీసినచో చాలును. పట్టణమునుండి వచ్చువారు పట్టణమును చూడ రారు. పల్లెను చూడ వత్తురు.

ఇసుకను కాపాడుట

పైని చెప్పిన ఏర్పాట్లన్నియు ఇసుక ఉన్నంతవరకే. ఇసుకను అక్రమముగ తరలించువారు గ్రామమునకు కొలదిపాటి కూలి చూపుదురు. దానికి ప్రతిగా గ్రామము మూడింటిని పోగొట్టుకొనును. మొదటిది నీరు: ఇసుక పొర తగ్గినకొలది అందు నిలువయుండు నీరు తగ్గి, ఒడ్డు బావులు వేసవి రాకముందే అడుగంటును. రెండవది ప్రాణరక్షణ: నేటి గొయ్యియే రేపటి మృత్యుకూపము. మూడవది విహారము: ఇసుక పోయిన పిదప బండరాళ్లు, బురద మిగులును, వానిని చూచుటకు ఎవ్వరును రారు.

వంతెనలు మొదలగు కట్టడముల చెంత త్రవ్వకమును ఇసుక నిబంధనలు నిషేధించుచున్నవి. భూగర్భజలములకు హాని కలిగించు త్రవ్వకములను అరికట్టుటకు 2002 నాటి వాల్టా చట్టము కలదు. ఫిర్యాదు చేయుటకు మండల రెవెన్యూ అధికారులు, పోలీసులు ఉన్నారు. కాని నదిని ప్రతి దినము చూచు కన్నులు గ్రామస్థులవే. రాత్రివేళ ట్రాక్టరు చప్పుడు మొదట విను చెవులు వారివే. గ్రామసభలో తీర్మానము చేసి, దానిని వ్రాతమూలకముగ అధికారులకు పంపిన పంచాయతీ మాటకు విలువ యుండును.

ఇసుక విషయమున ఇంకొక హెచ్చరిక కూడ అవసరము. ఇసుక నదిలో నున్నంతవరకు అది సంపద. గాలికి లేచి పొలములపై పడినచో ఆపద. అనంతపురము జిల్లా బొమ్మనహాళ్, కణేకల్ మండలములలో ఎండిపోయిన వేదవతీ నది, అనగా హగరి, ఇసుక నైరుతి గాలులకు ఎగిరి పొలములను కప్పివేయుచు తెలుగు నేలపై నిజమైన ఎడారిని సృష్టించుచున్నది. అచటి రైతునకు ఆ ఇసుక దిబ్బలు విహారస్థలములు కావు. నది గట్టున చెట్లుండుట ఎంత అవసరమో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ప్రతి గ్రామ పంచాయతీకిని నర్సరీ కలదు. అందలి వేప, కానుగ మొక్కలను కొన్నిటిని నది గట్టునకు కేటాయించినచో నీడయు, గాలికి అడ్డమును ఒకేసారి లభించును.

పుష్కరమునకు ముందుగా

గోదావరీ పుష్కరము పండ్రెండేండ్లకొకసారి వచ్చును. 2015 జూలైలో జరిగిన దాని తరువాతిది 2027లో రావలసియున్నది. పుష్కరమునకు ప్రభుత్వము ఘట్టములు, దీపములు, రక్షక భటులు మొదలగు ఏర్పాట్లు చేయును. అవి పండ్రెండు దినముల ఏర్పాట్లు. తక్కిన దినములందు ఒక తండ్రి తన పిల్లలను వెంటబెట్టుకొని ఇసుకపైకి వచ్చినపుడు అచట ప్రభుత్వపు ప్రతినిధి ఎవరు? పంచాయతీ పాతిన గుంజ, కట్టిన త్రాడు, నాటిన జెండా, గట్టుపై కూర్చున్న ఈతగాడు. వీరే ప్రభుత్వము.

కావున వేసవి రాకముందే జరుగు గ్రామసభలో ఈ విషయమును చర్చకు తేవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. మొదట నదిని నడచి చూడుడు. మడుగులను గుర్తింపుడు. ఒక త్రాడు, నాలుగు జెండాలు, ఇద్దరు ఈతగాండ్రతో ఆరంభింపుడు. ఇంత చేసినచో మన యింటి ముంగిట నున్న ఈ ఎడారికి వచ్చిన అతిథి నవ్వుచు వచ్చినట్లే నవ్వుచు తిరిగిపోవును. మరుసటి వేసవికి మరి నలుగురిని వెంటబెట్టుకొని వచ్చును.